గెడ పక్కన పెట్టిన పూట

మొన్న నర్సు ట్రైనింగు పిల్లలు కొందరు నన్ను చూడటానికి వచ్చారు. ఫలానా ముసలావిడ పాతకాలంలో కొల్లేటి మీద పడవలో రోగుల్ని తెచ్చేదని చర్చిలో ఎవరో చెప్పారట. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. అవీ ఇవీ అడిగారు. చివర్లో, వెనక కూర్చున్న సన్నపాటి పిల్ల నోరు విప్పింది.

"మామ్మగారూ, చేతుల్లో మనిషి పోయాక ఇంటికెళ్ళి అన్నం ఎలా తినేవారండీ?"

పక్కనున్న పిల్ల ఆమెని మోచేత్తో పొడిచింది. పొడవక్కర్లేదు. ఈ పనిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. తక్కినవన్నీ మీ పుస్తకాల్లో ఉంటాయి.

"చేత్తోనే తిన్నానమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. వెళ్ళేటప్పుడు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అందుకని ఇది ఆ పిల్ల కోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివితే చదవొచ్చు.

నాకు అక్షరాలు వచ్చేసరికి జుట్టు నెరిసిపోయింది. ఆదివారం బడిలో, ముక్కు కారే పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చినవి కాబట్టి దండగ చెయ్యను. ఎవరికి జీతం పెరిగింది, ఎవరికి పెద్ద కుర్చీ దొరికింది లాంటివి ఇందులో ఉండవు.

నీళ్ళ మీద పని

ఇది పెద్ద యుద్ధం రాకముందు, తెల్లవాళ్ళ రోజుల్లో మాట. నేను ఏలూరులో ఒక ఆసుపత్రిలో ఆయాని. నా పేరు సువార్తమ్మ. వానాకాలం పడితే లంకల్లో జబ్బుపడ్డవాళ్ళని ఒడ్డుకు తేవడానికి ఆసుపత్రికి ఒక సంగడి ఉండేది. రెండు తాటిదోనెల్ని పక్కపక్కన కట్టి, పైన తడిక పరిస్తే అది సంగడి. వెనకవైపు నిలబడి పొడుగాటి వెదురు గెడతో తోసేవాడు గురవయ్య. ఆడ రోగులు మగవాడి వెంట ఒంటరిగా రారు కాబట్టి నన్ను ఎక్కించేవాళ్ళు. తరవాత తరవాత మగ రోగులకీ నేనే ఎక్కాను, అలవాటైపోయింది.

ఇప్పుడు చేపల చెరువుల గట్లు వచ్చి కొల్లేరు ముక్కలైంది గానీ, అప్పట్లో భాద్రపదం వస్తే ఎక్కడ పొలం అయిపోయిందో ఎక్కడ సరస్సు మొదలైందో తెలిసేది కాదు. పొద్దున్నే మంచులో లంకలు నీళ్ళ మీద కాకుండా ఆకాశంలో వేలాడుతున్నట్టుండేవి. గూడబాతులు గుంపుగా తేలుతుంటే తెల్లగా ఎవరో పక్కబట్టలు ఆరేసినట్టుండేది. గెడ నీళ్ళలో దిగిన చప్పుడు, లేచిన చప్పుడు. మేం సరస్సులో కాదు, ఎవరి నిద్రలోనో ప్రయాణం చేస్తున్నామని నాకు చాలాసార్లు అనిపించేది.

రోగిని తల వెనకవైపు ఉండేలా పడుకోబెట్టేవాళ్ళం. ముందువైపు తల పెడితే నీళ్ళలో ఏపుగా పెరిగే కిక్కిస గడ్డి ఆకులు మొహానికి గీసుకుంటాయి. అందువల్ల రోగికి కళ్ళు తెరిస్తే కనిపించేది ఆకాశం, ఆ ఆకాశంలో తలకిందులుగా గురవయ్య మొహం. నేను కాళ్ళ దగ్గర ఉండి కట్లూ గుడ్డలూ చూసుకునేదాన్ని. రోగులు ఏం మాట్లాడినా గురవయ్యతోనే మాట్లాడేవాళ్ళు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

గురవయ్య లంకలో పుట్టినవాడు. నాకంటే చిన్నవాడు, "అక్కా" అనేవాడు. కూనిరాగం తీస్తూ తోసేవాడు, పదాలు ఉండేవి కావు. ఖాళీ సంగడిలో వెళ్ళేటప్పుడు నన్ను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు.

"అక్కా, కాస్త పక్కకి జరుగు. రోగి ఎక్కకముందే సంగడి మునిగేట్టుంది."

"నీ నాలిక తీసి ఒడ్డున పెట్టిరా, తేలికవుద్ది."

"నాలిక పెట్టొస్తే నీకు పొద్దెట్టా పోద్ది?"

నిజమే. పోయేది కాదు.

ఎవరి దారి వాళ్ళది

ఈ పనిలో బరువు మోయనివాడు లేడు. మోసే తీరే వేరు.

మా డాక్టరమ్మ తెలుగావిడే, మద్రాసులో చదివింది. మాట కత్తిలా ఉండేది. రోగి పోతే చేతులు కడుక్కుని వెనక పెరట్లోకి వెళ్ళి కనకాంబరాలకి నీళ్ళు పోసేది. వాన కురుస్తున్నా పోసేది. మేం చూడనట్టు తప్పుకునేవాళ్ళం.

కాంపౌండరు గారు జోకులు వేసేవాడు. చచ్చినవాళ్ళ మీద కూడా వేసేవాడు. కొత్తలో నాకు అసహ్యం వేసింది. తరవాత ఒకరోజు జోకు వేస్తూనే ఆయన ఖాళీ సీసాకి మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టడం చూశాను. అప్పట్నుంచి నవ్వాను. కానీ రోగి బంధువులు వినేచోట జోకు వేసేవాడు పనికిరాడు. ఆ హద్దు తెలియనివాణ్ణి ఈ పనిలోంచి పంపించెయ్యాలి.

ఒడ్డు నుంచి ఆసుపత్రికి జట్కా తోలేవాడు ఖాదరు సాయిబు. రోగిని దించాక గుర్రానికి ఒళ్ళు తోముతూ జరిగిందంతా దాని చెవిలో చెప్పేవాడు. "దానికి చెబితే ఊళ్ళో పొక్కదండీ," అనేవాడు. నేను చూసిన వైద్యాల్లో అదీ మంచిదే.

కొందరు కల్లు తాగేవాళ్ళు. నేను నీతులు చెప్పను. ఒక్కటి చెబుతాను. కల్లు బరువు దించదు, భుజం మారుస్తుంది. ఆ రెండో భుజం ఇంట్లో భార్యది.

ప్రార్థన చేసుకోమని మా పాస్టరుగారు అనేవారు. చేసుకున్నాను. దేవుడు విన్నాడనే అనుకుంటాను. కానీ దేవుడికి చెప్పినంత మాత్రాన, పక్కనుండి చూసిన మనిషికి చెప్పినట్టు కాదు. ఇది పాస్టరుగారికి కోపం తెప్పించే మాటే. రాసేశాను.

సరస్సుని దాని దారిన పోనివ్వడం

మాకు ఇంకో దారి ఉండేది. అది గురవయ్య వాళ్ళ లంక ఆచారం. నీళ్ళ మీద మనిషి పోతే ఆ పూట దోనెని గెడతో తొయ్యకూడదు. "కొల్లేరు ఇవాళ ఒక మనిషిని మోసింది. దాన్ని కాసేపు దాని దారిన పోనివ్వాలి," అని వాళ్ళు అంటారు.

రోగి దారిలోనే పోతే వెనక్కి తీసుకెళ్ళి ఇంటివాళ్ళకి అప్పగించేవాళ్ళం. తిరిగి వచ్చేటప్పుడు, నడి సరస్సులో గురవయ్య గెడ తీసి తడిక మీద అడ్డంగా పెట్టేవాడు. ఇద్దరం చెరోవైపు వెల్లకిలా పడుకునేవాళ్ళం. సంగడి గాలికి ఎటు పోతే అటే. కిక్కిస దుబ్బుకో బురదగట్టుకో తగిలి, తనంతట తాను ఆగేదాకా గెడ ముట్టుకోకూడదు. ఆ లోపల ఇద్దరం చెరో మాట చెప్పాలి. పోయిన మనిషి సంగడిలో ఉండగా ఏమన్నాడు, ఏం చేశాడు, మన కంటికి ఏం కనబడింది, ఏదో ఒకటి. ఆగాక లేచి గెడ పట్టాలి. ఒడ్డు మీద మాలో మేం మళ్ళీ ఆ ఊసు ఎత్తకూడదు.

అంతే. మందూ మంత్రం లేదు. కానీ మేఘాలు పైనా కిందా ఒకేలా కదులుతుంటే, వీపు కింద నీళ్ళు చిన్నగా గొణుగుతుంటే, నోట్లోంచి మాట దానంతట అదే జారేది. చెప్పాక ఒళ్ళు నాదేనన్న స్పృహ తిరిగొచ్చేది.

డాక్టరమ్మకి ఇది తెలిసినప్పుడు మండిపడింది. "నీళ్ళ మీద పడుకోవడానికా మీకు జీతం ఇచ్చేది?" అంది. ఆ ఏడు ఒక లంకలో కలరా వస్తే ఆవిడే స్వయంగా మాతో వచ్చింది. ఒక తాతకి ఉప్పునీళ్ళు ఎక్కించి ఆసుపత్రికి తెస్తుంటే, ఆయన దారిలో పోయాడు. అప్పగించి తిరిగి వస్తున్నాం. గురవయ్య భయపడి గెడ ఆపకుండా తోస్తున్నాడు. కొంచెం దూరం వచ్చాక డాక్టరమ్మ అటు తిరిగే అంది.

"ఏదో పక్కన పెడతారంటగా. పెట్టు."

పెట్టాడు. ఆవిడ పడుకోలేదు, మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. నీళ్ళవైపు చూస్తూ చెప్పింది. "సూది గుచ్చుతుంటే పెళ్ళైందా అమ్మా అని అడిగాడు. లేదు తాతా అన్నాను. అయితే నన్ను బతికించు, మంచి సంబంధం చూస్తాను అన్నాడు." నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో మేం చూడలేదు, మేం ఆకాశం చూస్తున్నాం. ఆ తరవాత ఆవిడ మమ్మల్ని ఎందుకు ఆలస్యమైందని అడగలేదు.

కనకం

ఇక గురవయ్య సంగతి. ఇది చెప్పడానికే ఇంతసేపూ చుట్టూ తిరిగాను.

ఒక లంక నుంచి కబురొచ్చింది. పేరు రాయను, ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కనకం అనే కోడలికి ఏడో నెల, రక్తం పోతోందన్నారు. వెళ్ళేసరికి అరుగు మీద చాప వేసి పడుకోబెట్టి ఉంచారు. మొగుడు పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. అత్తగారు మాత్రం గడప లోపలే నిలబడిపోయింది. సంగడి ఎక్కిస్తున్నా బయటికి రాలేదు. రాతిమనిషి అనుకున్నాను.

మొగుడు తన దోనెలో వెనకాల వచ్చాడు. నేను కనకం కాళ్ళు ఎత్తుగా పెట్టి గుడ్డలు కుక్కుతున్నాను, మారుస్తున్నాను. పైకి చూసే తీరిక లేదు. ఆ పిల్ల గురవయ్యతో ఏదో అంటోందని తెలుస్తోంది, మాట అర్థం కావడంలేదు. గురవయ్య ఏదో జవాబు చెప్పాడు. మళ్ళీ తోస్తున్నాడు. అంత గట్టిగా తోయడం నేనెప్పుడూ చూడలేదు. కిక్కిస దాటేలోపు నా చేతుల్లో కాళ్ళు బరువెక్కాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

వెనక్కి తిప్పాం. ఇంటివాళ్ళకి దించేటప్పుడు గురవయ్య తల ఎత్తలేదు. తిరుగుదారిలో నడి సరస్సుకి వచ్చాం.

"ఇక్కడ పెట్టు గెడ," అన్నాను.

"ఇవాళొద్దక్కా. గాలి బాలేదు."

గాలే లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అలసిపోయాడులే అని ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి కూనిరాగం ఆగిపోయింది. నన్ను లావు అనడం కూడా మానేశాడు. గెడ కింద పెట్టడం మానేశాడు, అన్నం మూట విప్పినా ఎడంచేత్తో గెడ పట్టుకునే తినేవాడు. తరవాత ఒక ముసలామె దారిలో పోయినప్పుడూ సరస్సుని దాని దారిన వదిలెయ్యలేదు. వాళ్ళావిడ నా దగ్గరికి వచ్చి, "వదినా, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. పిలిస్తే ఎక్కడ్నుంచో వచ్చినట్టు చూస్తాడు," అని కళ్ళు తుడుచుకుంది.

ఇంకొకటి గమనించాను. కనకం వాళ్ళ లంక పక్కనుంచి దగ్గర దారి ఉంటే, గురవయ్య అటు పోవడం లేదు. అవతలి పక్క నుంచి పెద్ద చుట్టు తిప్పి తెస్తున్నాడు.

చుట్టుదారి

కార్తీకంలో ఒకడికి తుంగ కోస్తుంటే కొడవలి తొడలో దిగింది. పైన గుడ్డ బిగించి కట్టి, నా మోకాలితో నొక్కిపెట్టి తెస్తున్నాం. అలా బిగించిన కట్టు ఎక్కువసేపు ఉంచకూడదు, కాలు చచ్చిపోతుంది. విప్పితే మనిషే పోతాడు. అలాంటప్పుడు గురవయ్య చుట్టుదారి పట్టాడు.

"ఇటెందుకురా?"

"అటు నాచు పట్టేసిందక్కా."

అటు నాచు లేదు. నాకు తెలుసు, వాడికీ తెలుసు. రోగి ముందు ఏమంటాం. వాడు గెడ మీద ప్రాణం పెట్టి తోశాడు, దారిని మాత్రం మార్చలేదు.

మనిషి బతికాడు. కాలు దక్కుతుందో లేదో చాలా రోజులు తెలియలేదు, చివరికి దక్కింది. తెచ్చిన సాయంత్రమే డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"అంత దగ్గరి లంక నుంచి ఇంత ఆలస్యం ఎందుకైంది?"

చెప్పాను. దాచడానికి ఏముంది.

"వేరే మనిషిని చూస్తాను," అంది.

"అమ్మగారూ, ఇప్పుడు వాణ్ణి సంగడి దింపేస్తే నీళ్ళలోకి దింపినట్టేనండి. వాడికి ఇంకో పని రాదు. ఇంట్లో కూర్చుంటే ఏమైపోతాడో."

"అతను ఏమైపోయినా నాకు బాధేనమ్మా. కానీ ఆ కాలు కూడా నాదే కదా."

ఆవిడ అన్నదే న్యాయం. ఈ పనిలో జాలి ఒకరి మీదే చూపిస్తే ఇంకొకరిని చంపుతుంది. ఇది నేను అప్పుడూ ఒప్పుకున్నాను, ఇప్పుడూ ఒప్పుకుంటాను.

"ఒక్క పూట ఇప్పించండి. రోగి లేకుండా సంగడి తీసుకెళ్తాం."

ఆవిడ కిటికీలోంచి కనకాంబరాల వైపు చూసింది. "ఒక పూట. ఆ తరవాత నన్నేం అడగొద్దు."

గెడ మీద కూర్చున్నాను

"ఎక్కడికక్కా?" అన్నాడు గురవయ్య.

"నడి సరస్సుకి."

"కేసేంటి?"

"ఉంది. పద."

నడి సరస్సుకి వచ్చాక ఆపమన్నాను. చుట్టూ చూశాడు. మనిషి లేడు, దోనె లేదు. వాడికి అర్థమైంది.

"నన్నొదిలెయ్యక్కా."

"గెడ ఇటియ్యి."

ఇవ్వలేదు. లాక్కున్నాను. తడిక మీద అడ్డంగా పడేసి దాని మీద కూర్చున్నాను. "నువ్వే అంటావుగా, నేను బరువని. లేపు చూద్దాం."

నెలన్నరగా నవ్వని మొహం కొంచెం కదిలింది. అంతలోనే మళ్ళీ మూసుకుపోయింది. నిలబడే ఉన్నాడు. చేతిలో గెడ లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా నిలబడ్డాడు. చివరికి కాళ్ళు ముడిచి కూర్చున్నాడు. తరవాత వాలాడు.

సంగడి కదలడం మొదలుపెట్టింది. తూర్పు నుంచి గాలి, ఉందా లేదా అన్నట్టు. తామరాకులు అంచులు రాసుకుంటూ పోయాయి. ఒక నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని మా ముందే, మమ్మల్ని కొయ్యదుంగ అనుకున్నట్టు దాటింది. ఎండ లేతగా, పాతబడ్డ పట్టుబట్టలా ఉంది. దూరంగా ఎక్కడో ఒక మనిషి దగ్గాడు, నీళ్ళ మీద ఆ దగ్గు మా పక్కనే వినిపించింది. నాకు నిద్రలాంటిది పట్టింది, నిద్ర కాదు. ఈ సంగడిలో పడుకున్నవాళ్ళందరూ ఇప్పుడు మాతోపాటు పక్కపక్కన పడుకుని అదే మబ్బు చూస్తున్నారనిపించింది. భయం వెయ్యలేదు. చోటు సరిపోయింది.

ముందు నా మాట నేను చెప్పాను.

"కనకం కాలివేళ్ళకి గోరింటాకు ఉంది. చిటికెన వేలికి పెట్టుకోవడం మర్చిపోయినట్టుంది. ఆ ఒక్క గోరూ తెల్లగా ఉంది."

సంగడి ఒకసారి పూర్తిగా తిరిగి మళ్ళీ సర్దుకుంది.

"పాల గురించి చెప్పిందక్కా," అన్నాడు.

"ఏ పాలు?"

"దాలిలో పాలు పెట్టొచ్చిందంట." దాలి అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టే గొయ్యి. పొద్దంతా కాగి పాలు ఎర్రబడి, మీగడ అట్టు కడుతుంది. "'మీగడ అత్తనే తీసుకోమను. మిగతా పాలు నేనొచ్చాక తోడు పెడతానని చెప్పన్నా' అంది."

"నువ్వేమన్నావు?"

"నోరు మూసుకుని పడుకో తల్లీ, నీ పాలు ఎక్కడికీ పోవు అన్నాను." మొహం అటు తిప్పుకున్నాడు. "ఊపిరి దాచుకోవాలి కదక్కా, అందుకన్నాను. ఆ పిల్ల చెవిన పడ్డ ఆఖరి మాట అదే. నోరు మూసుకో అని."

చెయ్యి చాపి ఒక తామరాకు అంచు పట్టుకుని, వదిలేశాడు.

"ఇంటికాడ దించేటప్పుడు చెబుదామనుకున్నా. శవాన్ని దించి, పాలూ మీగడా అని ఎట్టా చెప్పేది? మనిషన్నవాడు చెబుతాడా? పోయిన పిల్ల మొగుణ్ణి చల్లగా చూసుకోమందనో, దేవుణ్ణి తలుచుకుందనో అయితే చెప్పొచ్చు. ఇది చెప్పలేకపోయా. చెప్పకుండా మోసుకొచ్చేశా. అటు పోతే ఆ పిల్ల అత్త కనబడద్ది. కనబడితే చెప్పాలి."

అదీ సంగతి. అందుకే చుట్టుదారి. చావుని మొయ్యలేక కాదు, పాలకుండని దించే చోటు లేక.

నేను ఓదార్చలేదు. ఓదార్చడం ఆ ఆచారంలో లేదు. ఇద్దరం ఆకాశం చూస్తూ పడుకున్నాం. సంగడి వెళ్ళి వెళ్ళి ఒక కిక్కిస దుబ్బులో మెత్తగా దూరి ఆగింది. ఆకులు మా మీదికి వంగాయి.

గురవయ్య లేచాడు.

"లేవక్కా," అన్నాడు.

గెడ మీద నుంచి లేచాను. ఏ దిక్కుకని అడగలేదు. వాడు సంగడిని దుబ్బులోంచి వెనక్కి లాగి, దగ్గర దారికి తిప్పాడు.

అత్తగారు

ఆమె గోడకి పిడకలు కొడుతోంది. మమ్మల్ని చూసి చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఎవరికి బాలేదు?" అంది.

"ఎవరికీ కాదండి," అన్నాను. ఇంకేం చెప్పలేదు. అది నేను చెప్పాల్సింది కాదు.

గురవయ్య గెడ పట్టుకునే మెరక ఎక్కి వచ్చాడు. కింద పెట్టమని అనబోయి ఊరుకున్నాను. నేల చూస్తూ, బడిలో పాఠం ఒప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు. దాలిలో పాలు, అత్తకి మీగడ, నేనొచ్చాక తోడు. నోరు మూసుకోమన్న మాట కూడా దాచలేదు.

ఆమె చేతిలో పేడముద్ద కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పు బాబూ."

మళ్ళీ చెప్పాడు.

"మీగడ నన్ను తీసుకోమందా?"

"అవునండి."

ఆమె పేడచేతుల్తోనే మొహం తుడుచుకోబోయి, మోచేత్తో తుడుచుకుంది. గోడకి ఆనుకుని కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ముందు నవ్వింది.

"చూశావా దాని పొగరు. అంత ప్రాణం పోతున్నా నాకు అంటించే పోయింది."

మాకేం అర్థం కాలేదు.

"ఆ పొద్దున నేనే అన్నానమ్మా. కుండలో మీగడంతా నువ్వే నాకేస్తున్నావని. వట్టిమనిషి కాదు కదా, తింటే తిననీ అని ఊరుకోవచ్చు కదా. అన్నాను. కాసేపటికే అది కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. నా మాటకే అట్టా అయిందనుకున్నాను. నా మీద కోపంతోనే పడవెక్కిందనుకున్నాను. మొహం చూపించలేక గడప దాటలేదు."

"కోపం లేదండి," అన్నాడు గురవయ్య.

"లేదు బాబూ. నాకు తెలుసు. కోపమొస్తే దానికి మాట పడిపోద్ది, రోజుల తరబడి మూగెద్దులా తిరిగేది. ఎకసెక్కమాడిందంటే మనసు బాగున్నట్టే." అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. "తోడు తను పెడతానందా. నేను పెడితే పులుస్తుందని దాని గోల."

మేం అక్కడే నిలబడ్డాం. గురవయ్య గెడని నెమ్మదిగా గోడకి ఆనించాడు.

ఆమె లేచి చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. దాలి మీంచి కుండ దించి, రెండు ఇత్తడి గ్లాసుల్లో పాలు పోసుకొచ్చింది. నాది మామూలుగా ఇచ్చింది. గురవయ్య గ్లాసు మీద ఎర్రటి మీగడ మందంగా పరిచి ఉంది.

"ఒద్దండి," అన్నాడు.

"నోరు మూసుకుని తాగు బాబూ," అంది.

తాగాడు. పై పెదవికి మీగడ అంటుకుంది. చేతికి తుడుచుకుని, ఆ చెయ్యి కాసేపు చూసుకున్నాడు.

తిరుగుదారి

పిల్లా, నువ్వడిగిన దానికి నాకు తెలిసింది ఇంతే. పోయేవాళ్ళు నీకిచ్చేవి ఎప్పుడూ పెద్దమాటలు కావు. పాలు, గొళ్ళెం, కోడిపెట్ట, ఆరేసిన బట్ట. చిన్నవి కదా అని నీ దగ్గర దాచుకోకు. అవి నీవి కావు. చెప్పేదేదో ఆ ఇంటి గడపలో చెప్పెయ్యి. వాళ్ళేం చేసుకుంటారో వాళ్ళిష్టం.

తిరిగి వస్తుంటే గురవయ్య ఒక్క తోపు తోసి, "అక్కా, కాస్త పట్టుకో," అని గెడ నా చేతికిచ్చి తడిక మీద వాలాడు. వాలిన మనిషి అలాగే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చేతులు రెండూ ఖాళీగా పడేసి.

నాకు గెడ వెయ్యడం రాదు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చున్నాను గానీ ఒక్కసారీ పట్టుకోలేదు. ఇటు తోస్తే సంగడి అటు తిరిగింది, అటు తోస్తే గుండ్రంగా తిరిగింది. ఒడ్డు కనిపించేది, మళ్ళీ నా వీపు వెనక్కి పోయేది, మళ్ళీ ముందుకొచ్చేది. సూర్యుడూ అలాగే నా చుట్టూ తిరిగాడు. వాణ్ణి లేపలేదు.

ఒడ్డున డాక్టరమ్మ, జట్కా పక్కన ఖాదరు సాయిబు నిలబడి చూస్తున్నారట. సాయిబే తరవాత చెప్పాడు.

"ఏవండీ డాక్టరమ్మ గారూ, మన ఆయమ్మ కొల్లేటిని రుబ్బుతోందండీ. కేకేసి గురవయ్యని లేపమంటారా?"

"రుబ్బనీ," అందట ఆవిడ. "అతన్ని లేపొద్దు. పొద్దున్నే పనికి రావాలి."

పొద్దున్నే వచ్చాడు. దగ్గర దారినే వెళ్ళాం. నన్ను లావన్నాడు.

నేను గెడ వేసిన ఆ సాయంత్రం మాత్రం నా అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుని పులుసు అన్నం కలుపుకుంటే భగ్గున మంట. చెంచాతో తినొచ్చు కదా అంది మా అమ్మ. ఒద్దన్నాను. ఆకలి వేసింది, చేత్తోనే తిన్నాను.